లినక్స్ డెస్క్‌టాప్‌ను తెలుగులోకి మార్చి పరీక్షించే పద్ధతి

లినక్స్ డెస్క్‌టాప్ మీద మెనూలూ బటన్లూ సందేశాలూ తెలుగులో కనబడేలా చేయడం, సెట్టింగులలో ఒక వరుస మార్చి లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అయితే తీరిపోయే పని అని చాలామంది అనుకుంటారు. ఆ ఒక్క వరుస వెనక అయిదు వేరువేరు ఏర్పాట్లు ఉన్నాయి: అక్షరాలను గీసే ఫాంటు, వ్యవస్థలో ముందే తయారై ఉండవలసిన తెలుగు లొకేల్ (ఒక భాషకూ ప్రాంతానికీ చెందిన అమరికల కట్ట), ఒక్కో ప్రోగ్రాముకూ విడిగా ఉండే అనువాద ఫైలు, తేదీలనూ అంకెలనూ చూపే తీరు, టైపు చేయడానికి కావలసిన కీబోర్డు. వీటిలో ఏది లోపించిందన్నదాన్ని బట్టి తెర మీద కనబడే లక్షణం మారుతుంది. ఫాంటు లేకపోతే గళ్లు కనబడతాయి, లొకేల్ లేకపోతే చడీచప్పుడూ లేకుండా ఇంగ్లిషే వస్తుంది, అనువాదం సగమే జరిగి ఉంటే ఒకే మెనూలో రెండు భాషలు కలిసిపోతాయి. అందుచేత మార్చడం కంటే, మార్చినది సరిగా పనిచేస్తున్నదో లేదో పొర పొరగా చూసుకోవడం ముఖ్యం.

అంబాజీపేటలో కొబ్బరి వర్తకుల దుకాణమైనా, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మేత లెక్కలు రాసే గదైనా, ఊరి గ్రంథాలయమైనా, మన గోదావరి డెల్టాలో ఒక కంప్యూటరును నలుగురు పంచుకోవడం మామూలు. యజమానికి తెలుగు కావాలి, గుమస్తాకు ఏళ్లుగా చెయ్యి తిరిగిన ఇంగ్లిషు మెనూయే కావాలి. అటువంటి చోట మొత్తం యంత్రానికి భాష మార్చేయడం సరికాదని నా అభిప్రాయం. లినక్స్‌లో ప్రతి వాడుకరికీ తన భాష తనకు ఉండవచ్చు గనుక, ఆ సౌకర్యాన్నే పరీక్షకు కూడా ఉపయోగించుకోవచ్చు.

ముందు ఒక పరీక్ష ఖాతా

సెట్టింగులలో యూజర్స్ విభాగానికి వెళ్లి, అన్‌లాక్ చేసి, కొత్త వాడుకరి ఖాతా ఒకటి తెరవండి. పూర్తి పేరు తెలుగులో ఇవ్వవచ్చు గానీ లాగిన్ పేరు మాత్రం ఇంగ్లిషు చిన్న అక్షరాలలోనే ఉండాలి. ఈ ఖాతాలో ఏ ప్రయోగం చేసినా అసలు ఖాతాలోని ఫైళ్లకు గానీ అమరికలకు గానీ ఏమీ కాదు, పని ముగిశాక ఖాతాను తీసివేస్తే దానితో పాటే ఆ అమరికలూ పోతాయి. పెన్‌డ్రైవ్ నుంచి నడిపే లైవ్ సెషన్‌లో కూడా ఇలాంటి పరీక్ష చేయవచ్చు. అయితే అక్కడ మార్చినవి రీస్టార్ట్ చేయగానే మామూలుగా చెరిగిపోతాయి, దించుకున్న ప్యాకేజీలు మెమరీలో చోటు తింటాయి. అక్షరాలు సరిగా గీస్తున్నదా అన్న ఒక్క సంగతి చూడడానికి లైవ్ సెషన్ చాలు, భాష మార్పును పూర్తిగా చూడడానికి పరీక్ష ఖాతాయే మేలు.

ఇంకొక జాగ్రత్త అవసరం. భాషా ప్యాకేజీలు ఇంటర్నెట్ నుంచి దిగుతాయి. గాలివానల రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేని ఊళ్లలో, ఇన్‌స్టలేషన్ మధ్యలో యంత్రం ఆగిపోతే ప్యాకేజీల వ్యవస్థ అర్ధాంతరంగా మిగిలిపోవచ్చు. ఉబుంటు, డెబియన్, మింట్ అనే లినక్స్ రకాలలో అలా జరిగితే తిరిగి కరెంటు వచ్చాక, కమాండ్లు టైపు చేసే కిటికీ అయిన టెర్మినల్‌లో సుడో డీపీకేజీ అని రాసి, ఖాళీ వదిలి, ముందు రెండు హైఫన్లు పెట్టిన కాన్ఫిగర్, మళ్లీ ఖాళీ వదిలి హైఫన్ ఏ అని ఇస్తే ఆగిన పని పూర్తవుతుంది. కమాండ్ల పేర్లను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లిషు అక్షరాలతోనే టైపు చేయాలి.

తెలుగును తెచ్చుకోవడం

ఉబుంటు 22.04లో సెట్టింగుల ఎడమ వరుసలోనే రీజియన్ అండ్ లాంగ్వేజ్ ఉంటుంది. 24.04 నుంచి అది సిస్టమ్ అనే విభాగం లోపలికి వెళ్లింది, ఎందుకంటే ఆ విడుదలలో ఉన్న గ్నోమ్ 46 అనే డెస్క్‌టాప్ కూర్పు సెట్టింగుల అమరికనే మార్చింది. అక్కడ మేనేజ్ ఇన్‌స్టాల్డ్ లాంగ్వేజెస్ అన్న బటన్ నొక్కితే లాంగ్వేజ్ సపోర్ట్ అనే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. మొదటిసారి తెరిచినప్పుడు, భాషా మద్దతు పూర్తిగా ఇన్‌స్టాల్ కాలేదని చెప్పి అనుమతి అడగవచ్చు, ఇవ్వండి. తర్వాత ఇన్‌స్టాల్ ఆర్ రిమూవ్ లాంగ్వేజెస్‌లో తెలుగుకు టిక్కు పెట్టి అప్లై చేయాలి. తిరిగి వచ్చాక భాషల జాబితాలో తెలుగును మౌస్‌తో పట్టుకుని ఇంగ్లిషు వరుసకు పైకి లాగాలి. ఆ కిటికీలోనే అప్లై సిస్టమ్ వైడ్ అని ఇంకొక బటన్ ఉంటుంది. పరీక్ష దశలో దాన్ని ముట్టుకోవద్దు, ఎందుకంటే అది లాగిన్ తెరతో సహా యంత్రమంతటికీ భాష మారుస్తుంది.

లినక్స్ మింట్‌లో ఇదే పనికి లాంగ్వేజెస్ అనే ప్రోగ్రాము ఉంది, తీరు దాదాపు ఒకటే. ఫెడోరా అనే మరో లినక్స్ రకంలో లాంగ్‌ప్యాక్స్ హైఫన్ టీఈ అనే ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసి, తర్వాత గ్నోమ్ సెట్టింగులలో భాష ఎంచుకోవాలి. డెబియన్‌లో టాస్క్ హైఫన్ తెలుగు హైఫన్ డెస్క్‌టాప్ అనే ప్యాకేజీ కావలసిన సరుకును తెస్తుంది. గ్నోమ్ కాక మరో డెస్క్‌టాప్ అయిన కేడీఈ ప్లాస్మాలో సిస్టమ్ సెట్టింగుల రీజియన్ అండ్ లాంగ్వేజ్ పుటలో భాష పక్కనున్న మాడిఫై నొక్కి తెలుగును చేర్చాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌కు మాత్రం భాష కోసమని సొంత సెట్టింగుల పుట లేదు గనుక, లాగిన్ తెర మీద భాష ఎంచుకునే వీలుంటే అక్కడ, లేకపోతే టెర్మినల్ నుంచి మార్చుకోవాలి.

ఒక్క ప్రోగ్రాముతో మొదలుపెట్టండి

భాషను దించుకున్నాక వెంటనే లాగవుట్ కానక్కరలేదు. ముందుగా టెర్మినల్ తెరిచి, లొకేల్ అని రాసి ఖాళీ వదిలి హైఫన్ ఏ అని ఇవ్వండి. వచ్చే జాబితాలో టీఈ అండర్‌స్కోర్ ఐఎన్‌తో మొదలయ్యే పేరు ఉండాలి. టీ, ఈ చిన్న అక్షరాలు, ఐ, ఎన్ పెద్ద అక్షరాలు. ఆ పేరు లేకపోతే మిగిలిన పరీక్షలన్నీ వృథా, ఎందుకంటే తయారుకాని లొకేల్‌ను అడిగినప్పుడు వ్యవస్థ సీ అనే మూల లొకేల్‌కు జారిపోయి ఇంగ్లిషులోనే మాట్లాడుతుంది. గ్రాఫికల్ ప్రోగ్రామును టెర్మినల్ నుంచి తెరిస్తే, లొకేల్‌కు మద్దతు లేదనీ సీ లొకేల్ వాడుతున్నాననీ ఒక హెచ్చరిక వరుస కనబడవచ్చు. మెనూ నుంచి తెరిచినవారికి ఆ హెచ్చరిక కూడా కనబడదు. డెబియన్ కుటుంబంలో డీపీకేజీ హైఫన్ రీకాన్ఫిగర్ కమాండును లొకేల్స్ అనే పేరుతో సుడో కింద నడిపి, జాబితాలో తెలుగును స్పేస్ బార్‌తో గుర్తు పెడితే లొకేల్ తయారవుతుంది.

తర్వాత తేదీ పరీక్ష. ఎల్‌సీ అండర్‌స్కోర్ ఆల్ అన్నది పెద్ద అక్షరాలలో రాసి, ఈక్వల్ గుర్తు పెట్టి, ఖాళీ వదలకుండా టీఈ అండర్‌స్కోర్ ఐఎన్ రాసి, ఖాళీ వదిలి డేట్ అని ఇవ్వండి. వారం పేరూ నెల పేరూ తెలుగులో వస్తే లొకేల్ పనిచేస్తున్నట్టే. ఇలా కమాండు ముందు రాసిన విలువ ఆ ఒక్క కమాండుకే వర్తిస్తుంది, తర్వాతి వరుసలో అంతా మామూలే. పరీక్షకు ఇంతకన్నా నిరపాయమైన దారి లేదు.

మూడు పేర్ల మధ్య పెత్తనం ఎవరిదో తెలుసుకుంటే చాలా గందరగోళం తప్పుతుంది. లాంగ్ అన్నది అన్నిటికీ పునాది విలువ. ఎల్‌సీతో మొదలయ్యే పేర్లు తేదీ, అంకెలు, డబ్బు, సందేశాలు వంటి ఒక్కో శాఖకు విడివిడిగా విలువలిస్తాయి, లాంగ్ మీద వీటిదే పైచేయి. ఎల్‌సీ అండర్‌స్కోర్ ఆల్‌కు విలువ ఇస్తే ఆ రెండూ పనికిరావు, ధవళేశ్వరంలో హెడ్ స్లూయిస్ మూసేస్తే కింద బోదెల తూములు ఎలా తెరిచినా నీరు రానట్టే. వీటికి తోడు లాంగ్వేజ్ అని మరొకటి ఉంది. అది సందేశాల భాషను మాత్రమే నిర్ణయిస్తుంది, ఆ విషయంలో ఎల్‌సీ అండర్‌స్కోర్ ఆల్ మాట కూడా దాటేస్తుంది. దానిలో కోలన్లతో విడదీసి వరుసగా భాషలు రాయవచ్చు. టీఈ, కోలన్, ఈఎన్ అని రాస్తే తెలుగు దొరకనిచోట ఇంగ్లిషు చూపమని అర్థం. అయితే అసలు లొకేల్ సీ అయి ఉంటే లాంగ్వేజ్ మాట చెల్లదు. తెలుగు పెట్టినా తెలుగు రావడం లేదన్న ఫిర్యాదుల వెనక కారణం వెతికేటప్పుడు ముందుగా చూడవలసినది ఇదే.

ఇప్పుడు పెద్ద అక్షరాలలో లాంగ్వేజ్, ఈక్వల్, చిన్న అక్షరాలలో టీఈ అని మధ్యలో ఖాళీ లేకుండా రాసి, ఖాళీ వదిలి, గ్నోమ్ హైఫన్ కాలిక్యులేటర్ అని ఇస్తే లెక్కల యంత్రం తెలుగు మెనూతో తెరుచుకోవాలి. ఇక్కడొక చిక్కు ఉంది. గ్నోమ్ ప్రోగ్రాములు చాలావరకు ఒక్క ప్రతిగానే నడుస్తాయి, ముందే తెరిచి ఉంటే రెండోసారి పిలిచినప్పుడు పాత ప్రతే మరో కిటికీని తెరుస్తుంది. ఆ కిటికీ పాత భాషలోనే ఉంటుంది. కాబట్టి ఆ ప్రోగ్రాము కిటికీలన్నీ ముందుగా మూసేయాలి. ఫైళ్ల ప్రోగ్రాము కిటికీ మూసినా వెనక నడుస్తూ ఉండవచ్చు గనుక, నాటిలస్ అని రాసి ఖాళీ, హైఫన్ క్యూ ఇచ్చి దాన్ని పూర్తిగా ఆపాకే పరీక్షించాలి.

అక్షరాల పరీక్ష

మెనూ తెలుగులో వచ్చింది గదా అని ఇక్కడ ఆగిపోకూడదు. తెలుగు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చేవి కావు. గుణింతం పైన, వత్తు కింద, కొన్ని గుర్తులు పక్కన చేరతాయి, వాటిని తగినచోట కూర్చే పని చాలా లినక్స్ ప్రోగ్రాములలో హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. ఫాంటులో ఆ కూర్పుకు కావలసిన నియమాలు లేకపోతే అక్షరాలున్నా పదం చదవలేము. దీన్ని పరీక్షించడానికి వెతుక్కుని ప్రత్యేక వాక్యాలు తయారుచేయనక్కరలేదు, డెల్టా ఊర్ల, గోదావరి పాయల పేర్లే చాలు.

ఒక ఖాళీ ఫైలులో ఈ పేర్లు రాయండి: ద్రాక్షారామం, ధవళేశ్వరం, విజ్జేశ్వరం, బొబ్బర్లంక, ఆత్రేయపురం, అంతర్వేది, ముమ్మిడివరం, పాలకొల్లు, సఖినేటిపల్లి, వశిష్ఠ, గౌతమి. ద్రాక్షారామంలో రవత్తు దకారానికి ఎడమవైపుగా లేదా కిందుగా అతుక్కుని ఉండాలి, క్షకారం విడిపోకూడదు. బొబ్బర్లంకలో రకారం కింద లవత్తు, దాని పక్కన సున్నా వేరువేరుగా కనబడాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. వశిష్ఠలో ఠవత్తు చుక్కతో సహా కనబడుతున్నదో లేదో చూడండి, చిన్న సైజులో ఠవత్తూ థవత్తూ పోల్చుకోలేని ఫాంట్లు ఉన్నాయి. గౌతమిలో ఔత్వం తలకట్టు స్థానంలో సరిగా కూర్చోవాలి. వీటికి స్త్రీ అన్న మాట చేర్చండి, రెండు వత్తులు ఒకేచోట చేరినప్పుడు కొన్ని ఫాంట్లు తడబడతాయి. చివరిగా సాఫ్ట్‌వేర్ అన్న మాట. ఇందులో టకారానికీ వకారానికీ మధ్య కంటికి కనబడని విడదీత గుర్తు ఉంటుంది, దాన్ని వ్యవస్థ గౌరవిస్తే టకారం పొల్లుగా నిలుస్తుంది, లేకపోతే దాని కింద వవత్తు వచ్చి చేరుతుంది.

అక్షరం బదులు చిన్న పెట్టె, అందులో సున్నా, సీతో మొదలయ్యే నాలుగు గుర్తులు కనబడితే ఫాంటు అసలే లేదని అర్థం. ప్రతి లిపిలోని అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్, 1991లో వచ్చిన దాని మొదటి కూర్పు నుంచీ తెలుగుకు ఆ సున్నా, సీ వరుసలోనే 128 స్థానాలు కేటాయించి ఉన్నాయి. క అన్న అక్షరానికి సున్నా, సీ, ఒకటి, అయిదు. గుణింతపు గుర్తు పక్కన చుక్కల వలయం కనబడితే మాత్రం తప్పు సాధారణంగా ఫాంటుది కాదు, ఆ గుర్తుకు ఆధారమైన హల్లు లేకుండా టైపు చేశారన్నమాట. ఏయే తెలుగు ఫాంట్లు ఉన్నాయో చూడడానికి ఎఫ్‌సీ హైఫన్ లిస్ట్ అని రాసి, ఖాళీ వదిలి, కోలన్, చిన్న అక్షరాలలో లాంగ్, ఈక్వల్, టీఈ అని ఇవ్వండి. లోహిత్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు, పోతన, వేమన, మండలి, రామభద్ర వంటివి కనబడవచ్చు. మెనూలకు నోటో సాన్స్ తెలుగు నాకు నచ్చుతుంది. పోతన, రామభద్ర వంటివి శుభలేఖల్లోనూ శీర్షికల్లోనూ రాణిస్తాయి గానీ, చిన్న సైజు మెనూలో కళ్లకు శ్రమ కలిగిస్తాయి.

శుభలేఖల మాట వచ్చింది గనుక ఒక సంగతి చెప్పాలి. మన పట్టణాల డీటీపీ దుకాణాలలో ‘అను’ వంటి పాత ఫాంట్లతో కూర్చిన ఫైళ్లు ఇంకా ఉన్నాయి. అవి యూనికోడ్ కావు. డెస్క్‌టాప్ భాష తెలుగు చేసినా అవి తెలుగుగా కనబడవు, వాటిని ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

పై ప్యానెల్, బటన్లు, కిటికీల శీర్షికలు ఇంగ్లిషు అక్షరాల ఎత్తుకు సరిపడేలా రూపొందించినవి. తెలుగు వరుసకు పైన గుడి, కింద వత్తు ఉంటాయి గనుక ఎక్కువ ఎత్తు కావాలి. కాబట్టి థీమ్ మార్చినా, తెర స్కేలింగ్ మార్చినా, వత్తుల అడుగు తెగిపోతున్నదేమో మళ్లీ చూడాలి. పొడవైన అనువాదం బటన్‌లో పట్టక చుక్కలతో తెగిపోయిన చోట్లనూ రాసిపెట్టుకోండి.

పూర్తి సెషన్

ఈ మెట్లు దాటాక పరీక్ష ఖాతాలో లాగవుట్ అయి లాగిన్ కండి. స్క్రీన్ లాక్ చేసి తీయడం చాలదు, సెషన్ మొదలయ్యేటప్పుడే భాష నిర్ణయమవుతుంది. మొదటి లాగిన్‌లో డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్ల పేర్లను కూడా కొత్త భాషలోకి మార్చమంటారా అని ఒక ప్రశ్న రావచ్చు. పాత పేర్లే ఉంచమని చెప్పండి. పేర్లు మారిస్తే కొత్త ఫోల్డర్లు తయారవుతాయి, అప్పటికే ఫైళ్లున్న పాత ఫోల్డర్లు పక్కన మిగిలిపోతాయి. అప్పుడే, మేస్టారూ, లెక్కల ఫైళ్లన్నీ పోయాయండి, అంటూ దుకాణం నుంచి ఫోను వస్తుంది. పైగా టెర్మినల్‌లో దారి రాయవలసి వచ్చినప్పుడల్లా తెలుగు కీబోర్డుకు మారవలసి ఉంటుంది.

సెషన్ అంతా తిరిగి చూసేటప్పుడు సగం ఇంగ్లిషు కనబడితే కంగారు పడవద్దు. అనువాదం లేని వాక్యం మూల భాషలోనే వస్తుంది. ఒక ప్రోగ్రాముకు అనువాదం ఉందో లేదో తెలుసుకోవాలంటే, యూఎస్‌ఆర్, షేర్, లొకేల్, టీఈ, ఎల్‌సీ అండర్‌స్కోర్ మెసేజెస్ అన్న ఫోల్డర్ల వరుసలోకి వెళ్లి, ఆ ప్రోగ్రాము పేరుతో ఎంఓ ఫైలు (అనువాదాలుండే ఫైలు) ఉందేమో చూడండి. ఉబుంటులో చాలా అనువాదాలు లొకేల్ హైఫన్ లాంగ్‌ప్యాక్ అనే పక్క ఫోల్డరులో ఉంటాయి.

కొన్ని ప్రోగ్రాములు డెస్క్‌టాప్ మాట వినవు. లిబ్రెఆఫీస్‌కు తెలుగు ప్యాకేజీ వేరు, అది వేశాక టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్ అండ్ లొకేల్స్‌లో (పాత కూర్పులలో దీని పేరు లాంగ్వేజ్ సెట్టింగ్స్) యూజర్ ఇంటర్‌ఫేస్ భాషను చూసుకుని ప్రోగ్రామును మళ్లీ తెరవాలి. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగుల జనరల్ పుటలో లాంగ్వేజ్ దగ్గర తెలుగును చేర్చుకోవాలి. ఫ్లాట్‌ప్యాక్ అనే విడి ప్యాకేజీ పద్ధతిలో వచ్చే ప్రోగ్రాములు తమకు చెప్పిన భాషల అనువాదాలనే దించుకుంటాయి గనుక, భాష మార్చాక ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్ నడిపి మళ్లీ చూడాలి. కీబోర్డు సంగతి పూర్తిగా వేరు. ఇన్‌పుట్ సోర్సెస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు గానీ, ఐబస్ అనే టైపింగు సాధనం ద్వారా ఆర్‌టీఎస్ (ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి) గానీ చేర్చుకుంటే సూపర్ కీ (విండోస్ గుర్తున్న మీట), స్పేస్ కలిపి నొక్కి మారవచ్చు. పాస్‌వర్డ్ రాసేచోట ఏ కీబోర్డు ఉందో పైన చూసుకోవడం అలవాటు చేసుకోండి.

వెనక్కి వచ్చే దారి

మార్చిన భాషలో సెట్టింగులు ఎక్కడున్నాయో తోచకపోతే, టెర్మినల్‌లో లాంగ్వేజ్ ఈక్వల్ ఈఎన్, ఖాళీ, గ్నోమ్ హైఫన్ కంట్రోల్ హైఫన్ సెంటర్ అని ఇస్తే ఆ ఒక్క కిటికీ ఇంగ్లిషులో తెరుచుకుంటుంది. అంతకు ముందే తెరిచి ఉంటే మూసేయాలని మరచిపోవద్దు. కేడీఈలో హోమ్ ఫోల్డరులోని దాగిన కాన్ఫిగ్ ఫోల్డరులో ప్లాస్మా హైఫన్ లొకేల్‌ఆర్‌సీ అనే ఫైలును పక్కకు తీసి లాగిన్ అయితే వాడుకరి చేసిన భాష మార్పులు పోతాయి. యంత్రమంతటి భాషను మార్చి ఉంటే, డెబియన్ కుటుంబంలో ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డరులోని లొకేల్ ఫైలునూ, ఫెడోరాలో ఈటీసీ లోని లొకేల్ డాట్ కాన్ఫ్‌నూ సరిచేయాలి.

యంత్రమంతటికీ తెలుగు వద్దనడానికి నాకున్న గట్టి కారణం ఇక్కడే ఉంది. డెస్క్‌టాప్ తెరుచుకోనప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కితే వచ్చే నల్లని కన్సోల్‌లో ఫాంటుకు గరిష్ఠంగా 512 ఆకారాలే పడతాయి, వత్తులూ గుణింతాలూ కూర్చే ఏర్పాటు అక్కడ లేదు. తెలుగు సందేశాలు అక్కడ చదవలేని గుర్తులుగా వస్తాయి, సరిగ్గా మరమ్మతు అవసరమైన వేళనే. అక్కడ ప్రతి కమాండు ముందూ ఎల్‌సీ అండర్‌స్కోర్ ఆల్ ఈక్వల్ సీ అని రాసుకుంటే సందేశాలు ఇంగ్లిషులో వస్తాయి. ఎవరినైనా సహాయం అడిగేటప్పుడు దోష సందేశాన్ని ఇలాగే ఇంగ్లిషులో తెప్పించి పంపితే జవాబు త్వరగా దొరుకుతుంది.

పరీక్షలో రాసిపెట్టుకున్న తప్పులను అనువాదకులకు చేర్చవచ్చు. గ్నోమ్ అనువాదాలు డ్యామ్డ్ లైస్ అనే వేదిక మీద, ఉబుంటువి లాంచ్‌ప్యాడ్ మీద, లిబ్రెఆఫీస్‌వి వెబ్‌లేట్ మీద, ఫైర్‌ఫాక్స్‌వి పాంటూన్ మీద నడుస్తాయి. తప్పు పంపేటప్పుడు ప్రోగ్రాము పేరు, వెర్షన్, తెర చిత్రం, తెలుగు వాక్యం, దాని మూల ఇంగ్లిషు వాక్యం అన్నీ ఉండాలి. మూల వాక్యం కోసం ఊహించనక్కరలేదు, ప్రోగ్రామును మూసేసి, లాంగ్వేజ్ ఈక్వల్ ఈఎన్‌తో మళ్లీ తెరిచి, అదే కిటికీకి వెళ్లి చూసి రాసుకోండి.